మోకాలు మానింది, నడుము పట్టుకుంది: రెండింటికీ సంబంధం ఉందా?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదండీ. 8 నెలల క్రితం షటిల్ ఆడుతుండగా ఎడమ మోకాలు మెలిపడింది. లిగమెంట్ (ఎముకలని కలిపి ఉంచే పట్టీ) కొంతమేర చిరిగిందని, ఆపరేషన్ అక్కర్లేదని చెప్పి 6 వారాలు బ్రేస్ (మోకాలు కదలకుండా పట్టి ఉంచే పట్టీ) వేశారు. ఇప్పుడు మోకాలిలో నొప్పి పెద్దగా లేదు. కానీ 3 నెలల నుంచి నడుము కింది భాగంలో, ఎక్కువగా కుడి పక్కన, సాయంత్రమయ్యేసరికి పట్టేస్తోంది. స్కాన్ తీస్తే ఎల్4-ఎల్5 దగ్గర, అంటే నడుములోని నాలుగు, ఐదు వెన్నుపూసల మధ్య, డిస్క్ (పూసల మధ్య ఉండే మెత్తని దిండులాంటిది) కొంచెం ఉబ్బి ఉందని రాశారు. ఇది మోకాలి వల్ల వచ్చిందా, లేక కొత్త జబ్బా అన్నది మీ ప్రశ్న. నడుముకి బెల్ట్ పెట్టుకోవచ్చా అని కూడా అడిగారు.

సూటిగా చెబుతాను. సంబంధం ఉండే అవకాశమే ఎక్కువ. మోకాలి గాయం నేరుగా వెళ్ళి డిస్క్‌ని పాడుచేయదు. మీరు నడిచే తీరుని, నిలబడే తీరుని, కూర్చునే తీరుని మార్చేస్తుంది. మోకాలి నొప్పి తగ్గినా ఆ తీరు మాత్రం చాలామందిలో అలాగే ఉండిపోతుంది. మోకాలు చేయాల్సిన పని నెలల తరబడి నడుము మీద పడి, చివరికి అది మొరాయిస్తుంది. అందుకే నడుముకొక్కదానికే వైద్యం చేయించుకుంటే తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తుంది. మీరు ముందుగా చూసుకోవాల్సింది ఒకటుంది: ఎడమ మోకాలు కుడి మోకాలంత నిటారుగా చాపగలుగుతున్నారా?

నేను 17 ఏళ్ళుగా ఫిజియోథెరపీ చేస్తున్నాను. ఇలా వచ్చేవాళ్ళని చూసేముందు వాళ్ళ అడుగుల చప్పుడు వింటాను. మామూలు నడకలో రెండు అడుగులూ ఒకే తాళంలో పడతాయి. మోకాలి మీద నమ్మకం పోయిన మనిషి నడిస్తే ఒక అడుగు తేలిగ్గా పడి గబుక్కున లేచిపోతుంది, రెండోది దబ్బుమని బరువుగా పడి కాసేపు ఆగుతుంది. "నేను కుంటడం లేదండీ, ఎప్పుడో మానేశాను" అంటూనే అలా నడిచి వస్తారు. అలవాటైపోవడం వల్ల వాళ్ళకి నిజంగానే తెలియదు. చెప్పులు విప్పించి చూస్తే ఒక చెప్పు మడమ దగ్గర బాగా అరిగి ఉంటుంది, రెండోది కొత్తదానిలా ఉంటుంది.

ఇది ఎలా మొదలవుతుందో చెబుతాను. మోకాలిలో వాపు వచ్చినప్పుడు తొడ ముందున్న పెద్ద కండరం, అంటే క్వాడ్రిసెప్స్, దానంతటదే మందగిస్తుంది. కీలు లోపలి నుంచి వెన్నుపాముకి వెళ్ళే సంకేతాలు ఆ కండరాన్ని అణిచేస్తాయి. కీలులో 20 నుంచి 30 మిల్లీలీటర్ల నీరు చేరితే చాలు, అంటే నాలుగు నుంచి ఆరు టీస్పూన్లు, ఆ కండరంలో మోకాలి చిప్పకి లోపలి వైపున్న భాగం బలహీనపడుతుంది. నొప్పి లేకపోయినా ఇది జరుగుతుంది. వాపు తగ్గాక కూడా ఆ కండరం చాలామందిలో తనంతట తాను కోలుకోదు, పనిగట్టుకుని లేపాలి. టేపు తీసుకుని రెండు చిప్పల పై అంచు నుంచి 10 సెంటీమీటర్లు పైకి గుర్తుపెట్టి తొడ చుట్టుకొలత కొలవండి. ఎడమ తొడ ఒకటి రెండు సెంటీమీటర్లు సన్నగా ఉంటే నేను ఏమాత్రం ఆశ్చర్యపోను.

ఈ కండరం ఎందుకంత ముఖ్యమంటే, మామూలుగా నడిచేటప్పుడే మోకాలి కీలు మీద మన బరువుకి సుమారు రెండున్నర రెట్లు భారం పడుతుంది. మెట్లు దిగేటప్పుడు అది మూడు రెట్లు దాటుతుంది. మడమ నేలకి తగలగానే మోకాలు కొంచెం వంగి ఆ అదురుని తీసుకోవాలి. అలా వంగే మోకాలిని పట్టి ఆపేది క్వాడ్రిసెప్సే. దానికి బలం లేకపోతే మనిషి మోకాలిని బిగబట్టి నడుస్తాడు, అప్పుడు అదురు తుంటికీ, అక్కడి నుంచి నడుముకీ చేరుతుంది.

ఇక అసలు విషయం, మోకాలు చాపడంలో చివరి 5, 10 డిగ్రీలు. గాయమైన మోకాలు కొద్దిగా వంచి ఉంచితే హాయిగా ఉంటుంది, ఎందుకంటే ఆ స్థితిలో కీలు లోపల ఒత్తిడి తక్కువ. అందుకే పడుకున్నప్పుడు మోకాలి కింద దిండు పెట్టుకుంటారు. వారాల తరబడి అలాగే ఉంటే మోకాలి వెనక భాగం బిగుసుకుపోయి పూర్తిగా చాపలేని పరిస్థితి వస్తుంది. వంగకపోతే అందరూ కంగారుపడతారు. చాపలేకపోవడాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు, ఆ తేడా చూపుకి ఆనదు కాబట్టి. నా అనుభవంలో నడుముని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఇదే.

మోకాలు పూర్తిగా నిటారుగా ఉంటే నిలబడటానికి తొడ కండరం పెద్దగా కష్టపడక్కర్లేదు, ఎముక మీద ఎముక నిలుస్తుంది. కొద్దిగా వంగి ఉంటే మాత్రం నిలబడ్డంతసేపూ అది పనిచేస్తూనే ఉండాలి. అసలే బలహీనంగా ఉన్న కండరం అంతసేపు తట్టుకోలేదు. దాంతో మీరు తెలియకుండానే బరువంతా కుడి కాలి మీద వేసి, ఎడమ మోకాలు వంచి నిలబడతారు. వరసలో నిలబడ్డప్పుడు, ఫోన్ మాట్లాడేటప్పుడు మీరు ఎలా నిలబడుతున్నారో ఒక్కసారి గమనించండి. అలా నిలబడితే కటి (తుంటి ఎముకల చట్రం) ఎడమవైపు దిగుతుంది, పై శరీరం పడిపోకుండా వెన్ను కుడి పక్కకి ఒంగి సరిచేసుకుంటుంది. కుడివైపు నడుము కండరాలు రోజంతా కుదించుకుని బిగుసుకుని ఉంటాయి. మీ నొప్పి కుడి పక్కన ఉండటం, పొద్దున లేకుండా సాయంత్రానికి పెరగడం దీనికి సరిపోతున్నాయి.

ఇక్కడ ఒక మాట. చాలామంది "కాలు పొట్టి అయిపోయింది, అందుకే నడుము నొప్పి" అని చెప్పి చెప్పులో ఎత్తు పెట్టిస్తారు. మోకాలు 10 డిగ్రీలు వంగి ఉంటే కాలి పొడవు నిజానికి అర సెంటీమీటరు కూడా తగ్గదు. 20 డిగ్రీలైతే సెంటీమీటరు దాటుతుంది. కాబట్టి మీలాంటి వాళ్ళకి మోకాలిని చాపడం నేర్పించకుండా చెప్పు ఎత్తు పెంచడం నాకు ఇష్టం ఉండదు. వంగిన మోకాలికి అది ఇంకా వీలు కల్పిస్తుంది.

బ్రేస్ వేసుకున్న రోజుల సంగతి వేరు. నడకలో కాలు ముందుకి వేసేటప్పుడు మోకాలు సుమారు 60 డిగ్రీలు వంగుతుంది, అందుకే కాలివేళ్ళు నేలకి రాసుకోవు. బ్రేస్‌తో మోకాలు బిగించేస్తే ఆ కాలు పొడవైపోయినట్టే. దాన్ని నేల నుంచి లేపాలంటే ప్రతి అడుగుకీ నడుము పక్క కండరంతో తుంటిని పైకి లాగాలి. నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రవాడికి చిప్ప జారిపోయి, తాళం వేసినట్టుండే పొడవాటి బ్రేస్ వేశారు. మూడో వారానికి నడుము ఎంత పట్టేసిందంటే మోకాలి సంగతి మర్చిపోయి నడుము గురించే చెప్పుకున్నాడు. అప్పుడు మాత్రం రెండో కాలి బూటులో ఒక సెంటీమీటరు మందం అట్ట పెట్టించాను. వ్యతిరేక చేతిలో కర్ర పట్టుకోమన్నాను. నాలుగు రోజుల్లో తేడా తెలిసింది. బ్రేస్ తీసిన రోజే అట్ట కూడా తీసేయించాను.

కర్ర గురించి చెప్పాను కాబట్టి ఇది కూడా చెబుతాను. ఎడమ మోకాలు నొప్పిగా ఉంటే కర్ర కుడి చేతిలో పట్టుకోవాలి. నొప్పి ఉన్న వైపే పట్టుకుంటే ఒళ్ళంతా అటే వాలి, నడుముకి ఇంకా చేటు.

కూర్చోవడం కూడా చూసుకోవాలి. గాయమయ్యాక కాలు స్టూలు మీద చాపి పెట్టుకుని గంటలకొద్దీ ఫోన్ చూస్తారు. తొడ వెనక కండరాలు కటి ఎముక కింది భాగానికి అతుక్కుని ఉంటాయి. కాలు చాపి కూర్చుంటే అవి కటిని వెనక్కి లాగేస్తాయి, దాంతో నడుము గూనిలా వంగిపోతుంది. 20 నిమిషాలైతే ఫర్వాలేదు, రోజూ 5 గంటలంటే నడుము ఊరుకోదు. వాపు తగ్గాలంటే కాలు గుండె కంటే ఎత్తులో పెట్టి వెల్లకిలా పడుకోవడం మేలు. అప్పుడు మోకాలి కింద కాకుండా మడమ కింద ఎత్తు పెట్టండి.

కింద పడ్డ వస్తువు తీసేటప్పుడు మోకాలు వంచడం మానేసి నడుమొక్కటే వంచడం, మెట్లు ఎక్కేటప్పుడు ఎప్పుడూ ఒకే కాలు ముందు పెట్టడం, పక్కకి తిరిగి పడుకోవడం మానేయడం, ఇలాంటివి ఇంకా ఉన్నాయి. భయపడి ఆటలు, నడక ఆపేయడం వల్ల ఒంట్లో సత్తువ తగ్గడం కూడా నడుముని దెబ్బతీస్తుంది.

స్కాన్ రిపోర్టు గురించి టెన్షన్ పడకండి. నడుము నొప్పి అసలే లేనివాళ్ళ స్కాన్‌లని పరిశీలించిన ఒక పెద్ద సమీక్ష 2015లో వచ్చింది. డిస్క్ ఉబ్బు 20 ఏళ్ళవాళ్ళలో 30 శాతం మందికి, 50 ఏళ్ళవాళ్ళలో 60 శాతం మందికి, 80 ఏళ్ళవాళ్ళలో 84 శాతం మందికి కనిపించింది. వాళ్ళెవరికీ నొప్పి లేదు. మీ రిపోర్టులో ఉన్న ఉబ్బు మీ గాయానికి ముందు నుంచే ఉండి ఉండవచ్చు. నొప్పి కాలి కిందికి పాకకపోతే, తిమ్మిరి, బలహీనత లేకపోతే ఆ ఒక్క వాక్యం చదివి జీవితం మార్చుకోవాల్సిన పని లేదు.

అలాగని నడుము నొప్పంతా మోకాలి మీదకి నెట్టేయడం కూడా తప్పే. నడుము నొప్పి చాలా మామూలు సమస్య, మోకాలికి ఏమీ కానివాళ్ళకీ వస్తుంది. నొప్పి మోకాలి గాయానికి ముందు నుంచే ఉన్నా, నడకతో, నిలబడటంతో ఏమీ మారకుండా ఉన్నా, నేను మోకాలిని అంతగా అనుమానించను. ఎక్కువ నడిచిన రోజున పెరగడం, రెండు కాళ్ళ మీద సమానంగా నిలబడితే కాస్త తగ్గడం, ఒక పక్కనే ఉండటం, వీటిని చూసి మోకాలి వైపు మొగ్గుతాను.

ఇంకో జాగ్రత్త కూడా ఉంది, దీన్ని నేను ఒక పేషెంట్ దగ్గర ఆలస్యంగా నేర్చుకున్నాను. సుమారు 55 ఏళ్ళ ఆవిడ మోకాలి లోపలి వైపు నొప్పితో వచ్చారు. మోకాలి ఎక్స్‌రేలో కొంచెం అరుగుదల ఉంది, అంతకుముందు ఒకసారి పడ్డారు కూడా. మూడు వారాలు మోకాలికే వ్యాయామాలు చేయించాను, ఏమీ తగ్గలేదు. నాలుగో వారంలో చిప్ప కింద సుత్తితో తట్టి చూస్తే ఆ కాలు దాదాపు కదల్లేదు. ఆ స్పందన ఎల్3, ఎల్4 నరాలది. నడుము దగ్గర నరం నొక్కుకుపోవడం వల్ల నొప్పి మోకాలిలో తెలుస్తోంది. ఆ మూడు వారాలు ఆవిడ పడ్డ బాధ నాకు ఇప్పటికీ గుర్తుంటుంది. అప్పటి నుంచి మోకాలి నొప్పితో వచ్చిన ప్రతి ఒక్కరికీ మొదటి రోజే నడుమూ తుంటీ చూస్తాను, నడుము నొప్పితో వచ్చినవాళ్ళకి మోకాలు చూస్తాను. తుంటి కీలు నొప్పి కూడా మోకాలిలో తెలుస్తుంది, అది కూడా గుర్తుంచుకోవాలి.

పెద్దవాళ్ళలో ఈ రెండూ కలిసిపోయి ఉంటాయి. మోకాళ్ళు అరిగి నిటారుగా రాకపోతే, నడుములో సహజంగా ఉండే లోపలి వంపు తగ్గి మనిషి ముందుకి వంగిపోతాడు. నడుము ముందుకి వంగిపోయినవాళ్ళు పడిపోకుండా ఉండటానికి మోకాళ్ళు వంచుకుంటారు. వైద్యంలో దీన్ని నీ-స్పైన్ సిండ్రోమ్ (మోకాలు-వెన్ను సమస్య) అంటారు. ఏది ముందు వచ్చిందో తేల్చడం చాలాసార్లు కుదరదు, రెండింటికీ కలిపే పనిచేయాలి. వాళ్ళలో పూర్తిగా నిటారుగా చాపించాలని నేను పట్టుబట్టను, ఎముక ఆకారమే మారిపోయి ఉంటే సాగదీసినా రాదు.

మీరు ఇంట్లో చేసుకోగల పరీక్ష ఒకటి చెబుతాను. మంచం మీద బోర్లా పడుకుని, మోకాళ్ళ కింది నుంచి కాళ్ళు మంచం అంచు బయట వేలాడేలా జరగండి. కాళ్ళు వదిలేసి ఎవరినైనా రెండు మడమల ఎత్తు చూడమనండి. ఎడమ మడమ ఒక సెంటీమీటరు ఎత్తుగా ఉంటే మోకాలు సుమారు ఒక డిగ్రీ తక్కువ చాచుకుంటోందని అర్థం. 5 సెంటీమీటర్లు దాటి తేడా ఉంటే దాని మీద తప్పకుండా పనిచేయాలి.

తేడా ఉంటే ఇలా మొదలుపెట్టండి. వెల్లకిలా పడుకుని మడమ కింద చుట్టిన తువ్వాలు పెట్టి, మోకాలి కింద ఏమీ లేకుండా, 10 నిమిషాలు దాని బరువుకి దాన్ని వదిలేయండి. రోజుకి మూడుసార్లు. మోకాలి వెనక సాగుతున్నట్టు ఉండాలి, అంతే. ఆ తర్వాత అదే స్థితిలో మోకాలి వెనక భాగాన్ని మంచానికేసి నొక్కుతూ తొడ బిగించి 5 సెకన్లు ఆపండి, 10 సార్లు. చిప్ప తొడ వైపుకి జరగడం కంటికి కనిపించాలి. చెయ్యి వేసి చూస్తే చిప్పకి లోపలి వైపు కండరం గట్టిపడటం తెలుస్తుంది. రెండు కాళ్ళకీ పోల్చి చూసుకోండి, ఎడమది ఇంకా మెత్తగానే ఉంటే అది మేలుకోలేదన్నమాట. చాలామంది ఇక్కడ తొడకి బదులు పిరుదులు బిగించేస్తారు, అది లెక్కలోకి రాదు.

రెండు వారాల తర్వాత వెల్లకిలా పడుకుని పిరుదులు పైకెత్తడం, పక్కకి పడుకుని కాలు పైకెత్తడం, చిన్న మెట్టు ఎక్కి నెమ్మదిగా దిగడం కలుపుకోండి. తుంటి పక్కనున్న కండరాలు కోలుకోకపోతే నడిచేటప్పుడు కటి ఊగుతూనే ఉంటుంది. వీటన్నిటితోపాటు రోజూ 10 నిమిషాలు అడుగుల చప్పుడు వింటూ నడవండి. చెప్పుల్లేకుండా, గట్టి నేల మీద, అద్దం ఎదురుగా అయితే ఇంకా మంచిది. ఎడమ మడమ ముందు తగలాలి, ఎడమ కాలి మీద కూడా అంతేసేపు ఆగాలి, రెండు చప్పుళ్ళూ ఒకేలా ఉండాలి. కండరం బలపడినా పాత నడక దానంతటదే పోదు, ఇలా పనిగట్టుకుని మార్చుకోవాల్సిందే.

మోకాలు చాపుతుంటే మధ్యలో ఏదో అడ్డం తగిలినట్టు టక్కున ఆగిపోతే, లేదా ముందు వైపు పొడిచినట్టు నొప్పి వస్తే బలవంతం చేయకండి. మెనిస్కస్ (మోకాలి కీలులో మెత్తలా ఉండే మృదులాస్థి) ముక్క గానీ, చిరిగిన లిగమెంట్ కొస గానీ కీలు మధ్య ఇరుక్కుని ఉండవచ్చు. దాన్ని సాగదీసి సరిచేయలేం, ఆర్థోపెడిక్ డాక్టరు చూడాలి. మోకాలు నడుస్తుంటే జారిపోతున్నట్టు, లొంగిపోతున్నట్టు అనిపించినా ముందు ఆయన దగ్గరికే వెళ్ళండి.

ఇవి కనిపిస్తే మాత్రం వ్యాయామాలు, ఇంట్లో పరీక్షలు అన్నీ పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి: మూత్రం, మలం మీద అదుపు తప్పడం లేదా మూత్రం రాకపోవడం, తొడల మధ్య మర్మావయవాల చుట్టూ మొద్దుబారడం, పాదం పైకి లేవకపోవడం, కాళ్ళలో బలం రోజురోజుకీ తగ్గడం, నడుము నొప్పితోపాటు జ్వరం. మోకాలి గాయం తర్వాత ఒక పిక్క వాచి, వేడిగా, నొప్పిగా ఉన్నా అంతే, రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. దానితోపాటు ఆయాసం గానీ ఛాతీ నొప్పి గానీ వస్తే ఒక్క నిమిషం కూడా ఆగకండి. కారణం తెలియకుండా బరువు తగ్గుతున్నా, నిద్రలోంచి లేపేసే నొప్పి ఉన్నా, గతంలో క్యాన్సర్ ఉన్నా డాక్టరుకి చెప్పి చూపించుకోవాలి.

బెల్ట్ గురించి. నొప్పి బాగా ఉన్న రోజుల్లో, ప్రయాణం ఉన్నప్పుడు గంటో రెండు గంటలో పెట్టుకుంటే తప్పులేదు, ధైర్యంగా ఉంటుంది. దానివల్ల కారణం పోదు, కాబట్టి రోజంతా పెట్టుకుని దాని మీదే ఆధారపడకండి. మోకాలికి వేసుకునే సాగే తొడుగు, అంటే నీ క్యాప్, కూడా అంతే. ముఖ్యంగా దాన్ని వేసుకుని నిద్రపోవద్దు.

ఎన్నాళ్ళు పడుతుందంటే, మీలాంటివాళ్ళలో మోకాలు చాచడంలో 3, 4 వారాల్లో తేడా కనిపిస్తుంది, నడుము సాయంత్రపు నొప్పి 6 నుంచి 12 వారాల్లో తగ్గుతూ వస్తుంది. మొదటి వారంలో పిరుదులు, తొడ కొంచెం పులిసినట్టుంటాయి, దానికి భయపడి ఆపేయకండి. 6 వారాలు పట్టుగా చేసినా మడమల తేడా అంతే ఉంటే, లేదా మడమలు సమానమయ్యాక కూడా నడుము ఏమాత్రం తేలికపడకపోతే, నేను చెప్పిన కారణం మీ విషయంలో సరికాదని అనుకుని మళ్ళీ మొదటి నుంచి ఎవరైనా ఫిజియోథెరపిస్టుకి గానీ డాక్టరుకి గానీ చూపించుకోండి. మడమల కొలత ఎంత వచ్చిందో రాస్తే, షటిల్ ఎప్పుడు మళ్ళీ మొదలుపెట్టవచ్చో దాన్ని బట్టి చెబుతాను.